యార్క్‌లో "సీక్రెట్ ఫొటో స్పాట్స్" ప్యాకేజీ కొనే ముందు ఇది చదవండి

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఇంగ్లండ్‌లోని యార్క్ తీసుకెళ్లాలనుకునేవాళ్లు, అక్కడ ప్రీ వెడ్డింగ్ షూట్ పెట్టుకున్న జంటలు దయచేసి పూర్తిగా చదవండి. సోషల్ మీడియాలో "యార్క్ సీక్రెట్ ఫొటో స్పాట్స్" అంటూ మూడు గంటల ప్యాకేజీలు అమ్ముతున్నారు. కుటుంబానికి 220 పౌండ్లు పెట్టి మేమూ ఒకటి తీసుకున్నాం. డబ్బు సంగతి అలా ఉంచితే, మా అమ్మ ఎంతో ఆశపడి పట్టుచీర కట్టుకుని వచ్చిన రోజు పాడైపోయింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి వాళ్ల పేరు రాయను. వాళ్లు అమ్మే పద్ధతి తెలిస్తే చాలు.

ప్రకటనలో ఏముందంటే: మినిస్టర్ (యార్క్‌లోని పెద్ద చర్చి) లోపల షూట్, క్లిఫర్డ్స్ టవర్ అనే పాత కోట బురుజు పైనుంచి వ్యూ, హ్యారీ పాటర్ సినిమా తీసిన షాంబుల్స్ వీధి, ఎడిట్ చేసిన నలభై ఫొటోలు. ఇందులో సినిమా ముక్క పచ్చి అబద్ధం. షాంబుల్స్‌లో ఆ సినిమాల షూటింగ్ జరగలేదు. వీధి చూడటానికి అలా ఉంటుంది, అందుకని ఆ పేరుతో దుకాణాలు వెలిశాయి, అంతే.

పొద్దున మినిస్టర్ పడమటి ద్వారం ముందు నిలబెట్టారు. ఆ వేళ సూర్యుడు చర్చి వెనక ఉంటాడు. ఫొటోల్లో మా ముఖాలన్నీ నల్లగా, ఆకాశం తెల్లగా పాలిపోయి వచ్చాయి. జంట గోపురాల పైభాగం ఒక్క ఫొటోలోనూ పూర్తిగా లేదు. లోపలికి వెళ్దామంటే "టికెట్ మీరే కొనుక్కోండి, నేను బయటే ఉంటాను" అన్నాడు ఫొటోగ్రాఫర్. మామూలు సందర్శకులు టికెట్ కొనుక్కుని తమ కోసం ఫొటోలు తీసుకోవచ్చు. డబ్బు తీసుకుని షూట్ చేసేవాళ్లకు మాత్రం మినిస్టర్ నుంచి ముందే అనుమతి ఉండాలి. అది లేకుండానే "లోపల షూట్" అని అమ్మేశారు.

క్లిఫర్డ్స్ టవర్ దగ్గరా అదే తంతు. పైకి టికెట్ వేరే, అతను రాడు. 2022లో అక్కడ కొత్తగా పైకప్పు డెక్ తెరిచారు, ఊరంతా కనిపిస్తుంది. మేం చూసింది కింద గడ్డి దిబ్బ. ఆ మెట్ల మీద గెంతుతూ పోజు ఇమ్మన్నాడు. నాకు నిజంగా కోపం వచ్చింది అక్కడే. 1190లో ఈ దిబ్బ మీదున్న చెక్క కోటలో తలదాచుకున్న యూదు కుటుంబాలు మూక దాడికి ప్రాణాలు పోగొట్టుకున్నాయి. దిబ్బ కిందే వాళ్ల స్మారక ఫలకం ఉంది. ఊరు చూపిస్తానని డబ్బు తీసుకున్న మనిషి ఆ మాట చెప్పొద్దా?

షాంబుల్స్‌కు శనివారం మధ్యాహ్నం తీసుకెళ్లారు. అది ఒకప్పుడు కసాయి దుకాణాల వీధి. మాంసం వేలాడదీసిన ఇనుప కొక్కేలు, మాంసం పరిచిన వెడల్పాటి కిటికీ గట్లు కొన్ని షాపుల ముందు ఇప్పటికీ ఉన్నాయి. పై అంతస్తులు వీధి మీదికి ఎంతగా వంగి ఉంటాయంటే, నడుమ సన్నటి ఆకాశం చీలిక మాత్రమే మిగులుతుంది. ఫొటోలో రావాల్సింది అది. శనివారం మధ్యాహ్నం వచ్చేది జనం తలలు, దుకాణాల ముందు క్యూలు. మా నాన్న ఫొటోలో ఆయన భుజం మీదుగా ఎవరిదో ఐస్‌క్రీమ్ చెయ్యి ఉంది.

తర్వాత పది ఫొటోలు వచ్చాయి, అన్నిటి మీదా వాటర్‌మార్క్. మిగతావి కావాలంటే ఒక్కోదానికి 12 పౌండ్లు కట్టమన్నారు.

ఇంతకీ ఇందులో సీక్రెట్ ఏమీ లేదు. షాంబుల్స్, స్టోన్‌గేట్ వీధి, నగర గోడ, సెయింట్ మేరీస్ అబ్బే అనే పాత మఠం శిథిలాలున్న మ్యూజియం గార్డెన్స్, ఇవన్నీ ఉచితం. షాంబుల్స్‌కు దుకాణాలు తెరవకముందే వెళ్లండి. మినిస్టర్ పడమటి ముఖం మీద ఎండ సాయంత్రం పడుతుంది. లోపల తూర్పు కిటికీ మాత్రం పొద్దున వెలుగులోనే చూడాలి. జాన్ థార్న్‌టన్ 1405 నుంచి 1408 వరకు చేసిన రంగు గాజు అది, కళ్లు తిప్పుకోలేరు. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, ఆ పూట పెట్టుకోకండి.

అన్నిటికంటే నాకు నచ్చింది నగర గోడ. మొత్తం 3.4 కిలోమీటర్లు. స్టేషన్ రోడ్ నుంచి లెండల్ బ్రిడ్జి వైపు నడుస్తుంటే మినిస్టర్ ఎదురుగా కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో గోడ కింద గట్టంతా పసుపు డాఫొడిల్స్ పూస్తాయి. చాలాచోట్ల ఒకవైపు రెయిలింగ్ ఉండదు. చీర కుచ్చిళ్లతో నడిచే పెద్దవాళ్లను లోపలి అంచు వైపు నడవనివ్వకండి, చిన్నపిల్లల చెయ్యి వదలకండి. చీకటి పడేసరికి మూసేస్తారు. గైడ్ కావాలంటే ఎగ్జిబిషన్ స్క్వేర్ నుంచి స్వచ్ఛంద గైడ్ల సంఘం 1951 నుంచి ఉచితంగా ఊరు తిప్పి చూపిస్తోంది. 220 పౌండ్లకు దొరకని చరిత్ర అక్కడ దొరుకుతుంది.

ఫొటోగ్రాఫర్ కావాలనుకోవడం తప్పేం కాదు, మంచివాళ్లూ ఉన్నారు. అయితే బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేస్తే డిస్కౌంట్ అంటే ఒప్పుకోకండి. ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపుంటే, క్రెడిట్ కార్డుతో నేరుగా వాళ్లకే కట్టండి. అప్పుడు బ్రిటన్ కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుంది. మధ్యలో వేరే ఏజెంటుకు కడితే ఆ హక్కు చిక్కుల్లో పడొచ్చు. డెబిట్ కార్డయితే చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి తెప్పించమని బ్యాంకును అడగొచ్చు. పద్నాలుగు రోజుల్లో క్యాన్సిల్ చేసుకోవచ్చన్న నమ్మకం పెట్టుకోకండి, తేదీ ఖరారైన ఇలాంటి వినోద సేవలకు ఆ హక్కు సాధారణంగా వర్తించదు. కానీ 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం, వాళ్లు చెప్పిన మాట నమ్మి మీరు కొంటే ఆ మాట ఒప్పందంలో భాగమే. కాబట్టి ప్రకటన స్క్రీన్‌షాట్లు, చాట్లు దాచుకోండి. మేం వాటితోనే కార్డు కంపెనీకి క్లెయిమ్ పెట్టాం.

ఇప్పటికే ఇలాంటిది బుక్ చేసుకుని ఉంటే ఈ రోజే మెసేజ్ పెట్టండి: మినిస్టర్ అనుమతి ఎవరి పేరు మీద ఉంది, టికెట్లు ధరలో కలిశాయా, వాటర్‌మార్క్ లేని ఫొటోలు ఎన్ని, ఏ తేదీకల్లా ఇస్తారు? జవాబు ఫోన్లో చెబుతానంటే వద్దనండి, రాసి పంపమనండి.