మాన్సా మూసా, అద్వా, హైతీ: ఒక్క కథే చెప్పాలంటే ఏది మేలు?

మా మేనల్లుడిని స్కూల్లో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారంట, టాపిక్ ప్రపంచ చరిత్రలో ఆఫ్రికన్లు. వాడొచ్చి "మామయ్యా, బానిసలుగా అమ్ముడుపోవడం తప్ప వాళ్ళేం చేశారు?" అన్నాడు. వాడి తప్పేం లేదు లెండి, మనం చదివిన చరిత్రలో ఈజిప్టు పిరమిడ్లు అయిపోయాక ఆఫ్రికా మళ్ళీ కనపడేది గాంధీ గారి రైలు దగ్గరే. ఐదు నిమిషాల్లో ఒక్క కథే పడుతుంది, అందుకని మూడు కథలు ముందేసుకుని కూర్చున్నాం.

మాన్సా మూసా సంగతి వాడికి ముందే తెలుసు, షార్ట్స్‌లో చూశాడంట. పశ్చిమాఫ్రికాలోని మాలి రాజు, 1324లో మక్కా యాత్రకి పోతూ కైరోలో ఎంత బంగారం పంచాడంటే అక్కడ బంగారం రేటే పడిపోయింది, ఓ పన్నెండేళ్ళ తర్వాత అల్ ఉమరీ అనే అరబ్బు రచయిత రాసేనాటికి కూడా అది కోలుకోలేదు. 1375లో యూరప్‌లో గీసిన కాటలాన్ మ్యాపులో చేతిలో బంగారు ముద్దతో మూసా బొమ్మ ఉంటుంది. బానే ఉంది గానీ ఆస్తి ఇన్ని బిలియన్ డాలర్లు అని తిరిగే లెక్కలన్నీ ఊహలే, చివరికి కథంతా పెద్దింటి పెళ్ళి ముచ్చటలా అయిపోతుంది. పక్కన పెట్టేశాం.

అద్వా, అంటే ఇథియోపియాలో ఇటలీ సైన్యం ఓడిపోయిన చోటు, దాని కథ మాత్రం వాడికి భలే నచ్చింది. నచ్చక ఏం చేస్తుంది, తెలుగు సినిమాకి సరిపడా మసాలా ఉంది అందులో. 1889లో ఇథియోపియా రాజు రెండో మెనెలిక్, ఇటలీ ఒప్పందం రాసుకున్నారు. అందులో 17వ క్లాజు అమ్‌హారిక్ (ఇథియోపియా భాష) కాపీలో ఏమో "వేరే దేశాలతో మాట్లాడాలంటే మీకు కావాలంటే ఇటలీ సాయం తీసుకోవచ్చు" అని, ఇటాలియన్ కాపీలో "ఇటలీ ద్వారానే మాట్లాడాలి" అని. అంటే ఒక్క క్రియాపదం మార్చి దేశాన్నే మింగేద్దామనుకున్నారు! మెనెలిక్ ఒప్పుకోలేదు, యుద్ధం. మెకెల్లే కోటలో ఉన్న ఇటలీ సైన్యానికి నీళ్ళు అందకుండా చేసిన ప్లాన్ మెనెలిక్ భార్య రాణి తైతూదే అంటారు. 1896 మార్చి 1న అద్వా దగ్గర, తప్పుడు మ్యాపు పట్టుకుని రాత్రిపూట నడిచిన ఇటలీ దళాలు కొండల్లో విడివిడిగా చిక్కుకుపోయి ఓడిపోయాయి, వాళ్ళు ఓ 17 వేలు, ఇటువైపు లక్ష దాకా. రోమ్‌లో ప్రధాని క్రిస్పీ దిగిపోయాడు, అదే ఏడాది అక్టోబర్‌లో ఇథియోపియా స్వతంత్ర దేశమని ఇటలీ సంతకం పెట్టింది. ఘానా లాంటి దేశాలు తర్వాత ఇథియోపియా జెండా రంగులైన ఆకుపచ్చ, పసుపు, ఎరుపుతో జెండాలు పెట్టుకోవడం ఊరికే కాదు. కానీ ఒక మాట, ఇదే మెనెలిక్ అదే టైమ్‌లో దక్షిణాన ఒరోమో అనే జాతివాళ్ళ ప్రాంతాల్ని, ఇంకొన్నిటిని జయించి కలుపుకున్నాడు, ఇథియోపియాలో బానిసత్వం కూడా 1942 దాకా చట్టప్రకారం పోలేదు. ఇదొక రాజు ఇంకో రాజ్యాన్ని తరిమిన కథ, గొప్పదే, అంతవరకే.

నేను మాత్రం హైతీ అంటాను. "అది ఆఫ్రికాలో జరగలేదు కదా మామయ్యా" అన్నాడు వీడు. నిజమే, కరీబియన్‌లో ఫ్రాన్స్ వాళ్ళ చెరకు కాలనీ, అప్పట్లో పేరు సాన్ దొమాంగ్. కానీ అక్కడున్న దాదాపు ఐదు లక్షల బానిసల్లో ఎక్కువమంది ఆఫ్రికాలో పుట్టినవాళ్ళే, కాంగో యుద్ధాల్లో పట్టుబడి అమ్ముడుపోయినవాళ్ళు చాలామంది, అంటే తుపాకీ పట్టడం వీళ్ళకి కొత్త కాదు. 1791 ఆగస్టులో తిరగబడి తోటలు తగలబెట్టారు. రెండేళ్ళకి అక్కడి ఫ్రెంచ్ అధికారులే బానిసత్వం రద్దు అనాల్సొచ్చింది, 1794లో పారిస్ కూడా ఊఁ అంది. తర్వాత నెపోలియన్ 1801 చివర్లో పెద్ద సైన్యాన్ని పంపాడు, తిరుగుబాటు నాయకుడు టూసాన్ లూవర్తూర్‌ని మోసంతో పట్టుకెళ్ళి ఫ్రాన్స్‌లో చలికోటలో పడేస్తే అక్కడే చనిపోయాడు, అయినా పోరు ఆగలేదు, ఫ్రెంచ్ వాళ్ళకి పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) ఒకపక్క, టూసాన్ తర్వాత నాయకుడైన దెసలీన్ సైన్యం ఒకపక్క. 1804 జనవరి 1న స్వాతంత్ర్యం. ఈ దెబ్బకి అమెరికా ఖండాల్లో సామ్రాజ్యం కల పోయి నెపోలియన్ ఉత్తర అమెరికాలో తన లూసియానా ప్రాంతాన్ని 1803లోనే అమెరికాకి అమ్మేశాడు, కోటిన్నర డాలర్లకి, అమెరికా సైజు దాదాపు డబుల్ అయింది. అద్వా తన ఇల్లు కాపాడుకుంది, హైతీ పక్కవాళ్ళ మ్యాపులు కూడా మార్చేసింది. అందుకే "ప్రపంచ చరిత్ర" అన్న మాటకి ఇదే సరిగ్గా అతుకుతుంది.

చిక్కేంటంటే దీని తర్వాతి భాగం పిల్లలకి చెప్పాలంటే గొంతు పెగలదు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు తెచ్చి నిలబెట్టి, మా తోటలు, మా బానిసలు పోయారు కాబట్టి 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అంది. తర్వాత 9 కోట్లకి తగ్గించారు గానీ దానికోసం చేసిన అప్పుల చివరి కిస్తీలు 1947 దాకా నడిచాయి. మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది!

వాడు చివరికి అద్వానే తీసుకున్నాడు, క్లాజు 17 చెప్తే క్లాసు మొత్తం నవ్వుతుందంట. సరే అన్నాను. మొదలు మాత్రం హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌తో పెట్టమన్నాను, అది ఏసీలు రిపేర్ చేసే ఏరియా అనుకున్నాడంట ఇన్నాళ్ళు, నిజాం గారి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికన్ గుర్రపు దళం ఉన్న చోటని చెప్తే కాసేపు నోరు తెరిచే ఉన్నాడు.