మోజెల్ లోయలో ఐదు రోజులు రోడ్ సైకిల్ మీద

జర్మనీ మ్యాప్‌లో ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కి తిన్నగా గీత గీస్తే వంద కిలోమీటర్లు కూడా రాదు. మోజెల్ నదికి అంత తొందర లేదు. అటు తిరిగి, ఇటు తిరిగి, వెనక్కి కూడా వెళ్లి దాదాపు 195 కిలోమీటర్లు చేస్తుంది. నది పక్కనే సైకిల్ దారి ఉంది కాబట్టి మన చక్రాలూ అన్ని మెలికలూ తిరగాల్సిందే. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, ట్రియర్ నుంచి కిందికి వస్తే వెన్నుకు తగులుతుందని చదివి నేనూ నా స్నేహితుడూ ఆ వైపు నుంచే మొదలుపెట్టాం. మాట నిజమే, కానీ అరగంటకో మలుపు ఉన్న నదిలో వెనక గాలి కాసేపటికే ఎదురుగాలి అవుతుంది. మొదటి రోజు మధ్యాహ్నానికి ఆ లెక్క వదిలేశాం.

జూన్‌లో వెళ్లాం. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఎక్కడా హడావుడి పడక్కర్లేదు. తప్పు ఒక్కటే: గురువారం పండగ సెలవు వచ్చిన వారం ఎంచుకున్నాం. శుక్రవారం కూడా సెలవు పెట్టుకుని నాలుగు రోజులు కలుపుకోవడం మనకే కాదు, అక్కడివాళ్లకీ బాగా అలవాటు. నది ఒడ్డున సైకిళ్లు, ఎలక్ట్రిక్ సైకిళ్లు, పిల్లల్ని కూర్చోబెట్టి లాగే బండ్లు, ఐస్‌క్రీం చేత పట్టుకుని నడిచేవాళ్లు. గంటకు 28 కిలోమీటర్లు తొక్కుదామని వచ్చినవాడికి 16 దాటడం కష్టం.

అందుకే ముందు ఈ విషయం. రోడ్ సైకిల్‌తో, అంటే వేగం కోసం చేసిన సన్నటి టైర్ల సైకిల్‌తో వచ్చేవాళ్లు నది ఒడ్డు సైకిల్ దారికే కట్టుబడి ఉండక్కర్లేదు. జర్మనీలో నీలం రంగు గుండ్రటి సైకిల్ బోర్డు ఉన్నచోట మాత్రమే సైకిల్ దారి తప్పనిసరి. ఆ బోర్డు లేకపోతే పక్కనున్న రోడ్డు మీద తొక్కే హక్కు మనకుంది. చాలా ఊళ్ల మధ్య నదికి రెండు వైపులా రోడ్లున్నాయి, ఒకటి రద్దీగా ఉంటే రెండోది ఖాళీగా ఉంటుంది. వంతెన కనిపించినప్పుడల్లా ఏ ఒడ్డు బాగుందో చూసుకుని మారడమే మేం చేసిన పని. కోహెమ్ అనే ఊరు దాటాక కోబ్లెంజ్ వైపు మాత్రం ఈ ఉపాయం పెద్దగా పనిచేయలేదు. అక్కడ దారి చాలాదూరం హైవేని ఆనుకునే ఉంటుంది, చెవుల్లో లారీల మోత. చివరి 50 కిలోమీటర్లు నాకు అంతగా నచ్చలేదు. మోజెల్ వెళ్లి రైన్‌లో కలిసే చోటు చూడాలనే కోరిక లేకపోతే అక్కడ రైలెక్కినా నష్టం లేదు.

ట్రియర్ నుంచి బెర్న్‌కాస్టెల్-కూస్ దాకా సుమారు 65 కిలోమీటర్లు, దాదాపు పూర్తిగా చదును. ట్రియర్‌లో పోర్టా నిగ్రా అనే రోమన్ల కాలపు నల్లటి రాతి ద్వారం ముందు ఫోటో దిగి బయల్దేరితే సాయంత్రానికి తీరిగ్గా చేరొచ్చు. దారంతా రెండు పక్కలా నిటారు కొండలు, వాటి మీద ద్రాక్షతోటలు. మనిషి నిలబడ్డానికే కష్టమైన వాలులో పనిముట్లు పైకి తీసుకెళ్లడానికి ఒకే పట్టా మీద నడిచే చిన్న బండ్లు పెట్టుకున్నారు. నది దిగువన బ్రెమ్ ఊరి పక్కనున్న కాల్మోంట్ కొండనైతే యూరప్‌లోకెల్లా నిటారైన ద్రాక్షతోటల్లో ఒకటని చెబుతారు, అక్కడక్కడా 65 డిగ్రీల వాలట. కింద నుంచి చూస్తేనే నా మోకాళ్లు నొప్పెట్టాయి.

ఆ తోటల్లో ఒక ప్రమాదం ఉంది. ఫోన్‌లో దారి చూపే యాప్ దగ్గరి దారి కదా అని ట్రాక్టర్ల కోసం వేసిన కాంక్రీటు బాటల మీదికి పంపిస్తుంది. కొన్ని 20 శాతం పైన వాలు. ఎక్కడం సంగతి సరే, దిగడం భయం. పైగా ఇక్కడి నేలంతా పలకరాయి. వానకు జారిన పలక ముక్కలు బాట మీద చెల్లాచెదురుగా పడి ఉంటాయి, అంచులు బ్లేడులా ఉంటాయి. రెండో రోజు అలాంటి ముక్క ఒకటి నా వెనక టైర్ పక్కగోడను రెండు సెంటీమీటర్ల మేర కోసేసింది. ట్యూబ్ మార్చితే కోసినచోట బుడగలా బయటికొస్తోంది. బిస్కెట్ ప్యాకెట్ కవరు నాలుగు మడతలు పెట్టి లోపల అతికించి, గాలి తగ్గించి, ప్రాణం అరచేతిలో పెట్టుకుని కిందికి దిగాను. ఆ రోజే గురువారం. అన్ని షాపులూ మూత. ఆదివారమూ అంతే, బేకరీలో రొట్టె దొరకొచ్చు గానీ టైర్ దొరకదు. శుక్రవారం ఉదయం ఒక షాపులో 28 మిల్లీమీటర్ల టైర్ ఒక్కటే మిగిలి ఉంది. అంతకన్నా సన్నవి వాడేవాళ్లయితే ఇంటి నుంచే ఒకటి మడిచి తెచ్చుకోండి. అక్కడి షాపుల్లో ఎలక్ట్రిక్ సైకిళ్ల సామాను నిండుగా ఉంటుంది, రోడ్ సైకిల్ సామాను అంతంతమాత్రమే.

ఇక బస. మొదటి రెండు రాత్రులు రోజుకో ఊరు మారాం. రెండుచోట్లా సామాను విప్పడం, సర్దడం, తడి బట్టలు సీటు కింద బ్యాగుకి కట్టుకోవడం. బెర్న్‌కాస్టెల్ పాత చౌరస్తాలో చెక్క చట్రాల ఇళ్లు చూడ్డానికి బొమ్మల్లా ఉంటాయి, కానీ పగలు పడవల్లోంచి దిగే జనంతో కాలు పెట్టే చోటు ఉండదు. అక్కడ మేం దిగిన హోటల్‌లో సైకిళ్లు పెట్టుకోవడానికి గది ఉందన్నారు. నిజంగానే ఉంది. కాకపోతే ఇరవై బరువైన ఎలక్ట్రిక్ సైకిళ్ల మధ్య మా కార్బన్ ఫ్రేములు ఇరికించారు, స్టాండు లేదు, పొద్దున్నే చూస్తే ఒకదాని హ్యాండిల్ నా ఫ్రేము మీద వాలి ఉంది. గీత పడింది. అడిగితే "మా బాధ్యత కాదు" అని మర్యాదగానే చెప్పారు.

మూడో రోజు నుంచి బుల్లాయ్‌లో ద్రాక్షతోట వాళ్ల ఇంటి పైగది తీసుకుని మిగతా రాత్రులన్నీ అక్కడే ఉన్నాం. ఈ మొత్తం ప్రయాణంలో మేం చేసిన తెలివైన పని అదే. బుల్లాయ్ చూడదగ్గ ఊరేం కాదు, పోస్ట్‌కార్డుల మీదికి ఎక్కే అందం దానికి లేదు. కానీ రైల్వే స్టేషన్ ఉంది. ట్రియర్-కోబ్లెంజ్ మెయిన్ లైన్ ఇక్కడ నదిని దాటుతుంది, 1878లో కట్టిన రెండంతస్తుల వంతెన మీద పైన రైలు, కింద రోడ్డు. ట్రాబెన్-ట్రార్బాఖ్‌కి చిన్న బ్రాంచ్ లైన్ కూడా ఇక్కడి నుంచే. ఈ లోయ ఉన్న రైన్‌లాండ్-పలాటినేట్ రాష్ట్రంలో లోకల్ రైళ్లలో సైకిల్‌కి మామూలు రోజుల్లో ఉదయం 9 దాటాక, శని ఆదివారాల్లో రోజంతా టికెట్ అక్కర్లేదు. చోటు మాత్రం గ్యారంటీ కాదు. చక్రాల కుర్చీకీ, పిల్లల బండికీ ముందు చోటివ్వాలి, ఆ సెలవు సాయంత్రం మేం రెండు రైళ్లు వదులుకున్నాం.

రైలు చేతిలో ఉంటే నది మెలికలు మనకు వరంగా మారతాయి. ఎడిగర్-ఎల్లెర్ నుంచి కోహెమ్‌కి నది వెంట 20 కిలోమీటర్ల పైనే. రైలు మాత్రం 4.2 కిలోమీటర్ల సొరంగంలో దూరి కొన్ని నిమిషాల్లో అవతల తేలుతుంది. వెళ్లేటప్పుడు బైల్‌ష్టైన్ మీదుగా తొక్కడం, అలసిపోతే కోహెమ్‌లో రైలెక్కి గదికి రావడం. బైల్‌ష్టైన్ దగ్గర నది దాటించే చిన్న ఫెర్రీ ఉంది, సైకిల్ తోసుకుని ఎక్కేయొచ్చు. కోహెమ్ కోట దూరం నుంచి ఎంత బాగుంటుందో, కింద వీధి అంత ఇరుకు. అరగంట చాలు.

బుల్లాయ్‌లో మాకు గది ఇచ్చిన ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన మనిషి. సైకిళ్లు గారేజీలో ట్రాక్టర్ పక్కన పెట్టించి తాళంచెవి మా చేతికిచ్చింది, బట్టలు ఆరేసుకోవడానికి బాయిలర్ గది చూపించింది. గోడ మీద 1993 అని రాసి ఉన్న గీత చూపిస్తూ "అప్పుడు నీళ్లు ఇక్కడిదాకా" అంది. ఆ గీత నా ఛాతీ ఎత్తున ఉంది. వరదలొచ్చినప్పుడు సైకిల్ దారి ఎక్కడికక్కడ మునిగిపోతుందట, చలికాలంలో వెళ్లాలనుకునేవాళ్లు నీటిమట్టం చూసుకుని బయల్దేరాలి. గది వెతికేటప్పుడు "బెట్ ప్లస్ బైక్" అనే బోర్డు గమనించండి. జర్మన్ సైక్లిస్టుల సంఘం ఇచ్చే గుర్తు అది. ఆ బోర్డున్నవాళ్లు ఒక్క రాత్రికైనా గది ఇవ్వాలి, సైకిల్‌కి తాళం వేసే చోటూ, బట్టలు ఆరబెట్టే వీలూ చూపించాలి.

కొండల సంగతికొస్తే, లోయకు ఒక పక్క ఐఫెల్, ఇంకో పక్క హున్స్‌ర్యూక్. నది ఒడ్డున ఎక్కడ నుంచి పైకి తిరిగినా కాళ్లకు పని దొరుకుతుంది. మాకు బాగా నచ్చింది అల్ఫ్ నుంచి బాడ్ బెర్ట్రిష్ దారి. వాగు పక్కన, చెట్ల నీడలో, మెల్లగా ఎక్కే రోడ్డు. అక్కడ 32 డిగ్రీల వేడినీటి బుగ్గ ఉంది, దాని మీదే ఆ ఊరు బతుకుతోంది. ఊరు దాటాక లుట్సెరాట్ వైపు మెలికల ఎత్తు మొదలవుతుంది. ఎత్తులు తేలిగ్గా ఎక్కడానికి వెనక చక్రానికి 34 పళ్ల కేసెట్ (గేర్ల పళ్లచక్రాల గుత్తి) వేసుకొచ్చినందుకు నాకు నేనే దణ్ణం పెట్టుకున్నాను. పైకెళ్లాక లోయ కనబడదు, విశాలమైన పొలాలు, గాలిమరలు, గాలి. ఇంత లోతున నది ఉందని అక్కడ నిలబడ్డవాడికి చెప్పినా నమ్మడు.

నాలుగో రోజు మారె-మోజెల్ దారి. ఐఫెల్ కొండల్లోని డౌన్ అనే ఊరి నుంచి బెర్న్‌కాస్టెల్-కూస్‌కి 58 కిలోమీటర్లు, పాత రైల్వే లైన్‌ని సైకిళ్లకు మార్చారు. రైలు నడిచిన దారి కాబట్టి వాలు ఎక్కడా దబాయించదు. సొరంగాల్లోకి వెళ్లేముందు నల్ల కళ్లద్దాలు తీసేయడం మరిచిపోకండి, నేను మరిచిపోయి గోడ తడుముకున్నంత పనైంది. బెర్న్‌కాస్టెల్ నుంచి పైకి సైకిళ్ల ట్రైలర్ తగిలించిన బస్సు నడుస్తుంది, ముందే బుక్ చేసుకోవడం మంచిది. నా స్నేహితుడు బస్సెక్కాడు. "నువ్వు తొక్కుకుంటూ రారా, నేను సరస్సులో ఈదుతూ ఉంటా" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. డౌన్ చుట్టుపక్కల మారెలు అంటే అగ్నిపర్వతపు సరస్సులు: కరిగిన రాయి పైకొస్తూ భూగర్భజలానికి తగిలి, ఆవిరి పేలి పడిన గుంతలు. శాల్కెన్‌మేరెన్ దగ్గరున్న దాంట్లో ఈత కొట్టొచ్చు. నేను మూడు గంటలు తొక్కి చేరేసరికి వాడు తువ్వాలు భుజాన వేసుకుని గట్టు మీద కునుకు తీస్తున్నాడు.

దిగేటప్పుడు మాత్రం ఇద్దరం కలిసే దిగాం. పెడల్ సగం సేపు తిప్పలేదు. విట్లిష్ దాటి మళ్లీ ద్రాక్షతోటల్లోకి రాగానే ఎదురుగాలి.