పాత జీవో కావాలంటే: వెబ్‌సైటా, సమాచార హక్కా, గ్రంథాలయమా?

"ఫలానా జీవో కాపీ ఎక్కడ దొరుకుతుందండీ?" అని ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. పెన్షన్ లెక్క తేలని రిటైర్డ్ టీచర్లు, ప్లాటు కొనబోతున్నవాళ్లు, గ్రూప్స్‌కి చదువుకుంటున్న పిల్లలు, అందరిదీ అదే ప్రశ్న. నిన్నమొన్న వచ్చిన జీవో అయితే జవాబు సులువు. పాతదైతే మూడు దారులు చెప్పుకోవాలి: ప్రభుత్వ వెబ్‌సైటు, సమాచార హక్కు దరఖాస్తు, గ్రంథాలయం. ఈ మూడోది మన దగ్గర ఇంకా సరిగా పడని దారి. అయినా నా ఓటు దానికే. ఎందుకో చెబుతాను.

ముందు అన్ని దారులకూ పనికొచ్చే మాట ఒకటి. జీవో నంబరు ఒక్కటే పట్టుకుని బయల్దేరకండి. నంబర్లు ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, ఒక్కో శాఖకు వేరే వరస ఉంటుంది, ఎంఎస్ జీవోలది (శాశ్వత ప్రాధాన్యం ఉన్నవి) ఒక వరస, ఆర్‌టీ జీవోలది (రోజువారీ రొటీన్ విషయాలవి) ఇంకొకటి. "జీవో 3" అనగానే అందరికీ ఏజెన్సీ టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 జనవరి నాటి ఉత్తర్వు గుర్తొస్తుంది. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది దాన్నే. కానీ జీవో 3 ప్రతి శాఖలోనూ ప్రతి ఏడాదీ ఉంటుంది. శాఖ, తేదీ, నంబరు, ఎంఎస్సా ఆర్‌టీనా అన్న వివరం ఉంటే సగం పని అయినట్టే.

ఇక వెబ్‌సైటు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి జీవోలు ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలైంది. అంతకుముందు ఒక ఉత్తర్వు కావాలంటే సచివాలయంలో తెలిసినవాళ్లు ఉండాలి, లేదా యూనియన్ ఆఫీసు చుట్టూ తిరగాలి. వెబ్‌సైటు వచ్చాక ఊళ్లో ఉన్న మనిషి కూడా సాయంత్రానికి ఉత్తర్వు చదవగలిగాడు. కొత్త జీవో విషయంలో ఇప్పటికీ దీనికి సాటి లేదు. ఖర్చు లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. లోపాల్లో మొదటిది వెతుకులాట. స్కాన్ చేసి పెట్టిన జీవోలో మాట పెట్టి వెతికితే ఏమీ రాదు, నంబరూ తేదీ తెలిస్తేనే దొరుకుతుంది. ఇది ఓపికతో గట్టెక్కే ఇబ్బందే.

అసలు ఇబ్బంది 2021 ఆగస్టులో బయటపడింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ఆ సైటులో జనానికి కనిపించేలా పెట్టడం ఆపేసింది. కొన్నిటిని ఈ-గెజిట్‌లో పెట్టారు, హైకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో మళ్లీ పెట్టాలని, మధ్యలో ఆగిపోయినవి కూడా ఎక్కించాలని నిర్ణయించారు. ఏ పార్టీ ఆపింది, ఏ పార్టీ తెరిచింది అన్న చర్చ ఇక్కడ నాకు వద్దు. మూడేళ్లపాటు ఒక రాష్ట్ర ప్రజలు తమ ప్రభుత్వ ఉత్తర్వులు చదవాలా వద్దా అన్నది ఒక్క నిర్ణయంతో తేలిపోయింది, దాన్ని చూడాలి. రేపు ఏ రాష్ట్రంలోనైనా, ఏ పార్టీ ఉన్నా ఇలాగే జరగొచ్చు. ఉత్తర్వు ఇచ్చిన కార్యాలయమే దాన్ని దాచే చోటు కూడా అయితే, అప్పు తీసుకున్నవాడి బీరువాలోనే ప్రామిసరీ నోటు ఉంచినట్టు.

కేంద్రంలో కూడా 2015 అక్టోబరు 1 నుంచి భారత గెజిట్ అచ్చు ఆగిపోయి ఎలక్ట్రానిక్ రూపంలోనే వస్తోంది. కాగితం ఆదా అయింది, సంతోషమే. కానీ గెజిట్ అచ్చయ్యే రోజుల్లో కొన్ని కాపీలైనా కార్యాలయాలకూ కాలేజీలకూ లైబ్రరీలకూ చేరేవి. అలా చేరడం ఆగిపోయినప్పుడు, దాని బదులు ఏం పెట్టాలని ఎవరూ ఆలోచించినట్టు లేదు.

2008కి ముందు జీవోల సంగతి ఇంకా కష్టం. హైదరాబాద్ పడమటి వైపు స్థలం కొనేవాళ్లకు 111 జీవో తెలియకుండా ఉండదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996 మార్చిలో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన ఉత్తర్వు అది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు సడలించారు. కొనేవాడు మూలప్రతి చదవాలి, గ్రామాల జాబితాలో తన సర్వే నంబరున్న ఊరు ఉందో లేదో కళ్లారా చూసుకోవాలి. ఎక్కువమంది చూసేది మాత్రం అమ్మేవాడు వాట్సాప్‌లో పంపిన మసక ఫొటో. జీవితకాలపు పొదుపు పెట్టే చోట ఇది చాలా అన్యాయం.

సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) ఇక్కడ గట్టి ఆయుధమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు చోట్లా గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అన్నిటికన్నా విలువైంది ధ్రువీకరించిన నకలు. కోర్టులో, పెన్షన్ కార్యాలయంలో దానికుండే బలం డౌన్‌లోడ్ చేసిన కాగితానికి ఉండదు. ఇంకో మేలు కూడా ఉంది. జీవో వెనకాల ఫైలులో ఎవరేం రాశారో తెలుసుకోవాలంటే నోట్‌ఫైల్ అడగొచ్చు, వెళ్లి రికార్డు చూడొచ్చు. వెబ్‌సైటు గానీ గ్రంథాలయం గానీ ఈ పని చేయలేవు.

కానీ ఉత్తర్వు కాపీ కోసమే ఆర్‌టీఐ వేయాల్సి రావడం న్యాయం కాదు. అది ఎప్పుడో జనానికి ఇచ్చేసిన కాగితం. దానికోసం నెల రోజులు ఆగి, జవాబు రాకపోతే మొదటి అప్పీలు, అదీ తేలకపోతే సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ల దగ్గర పేరుకుపోయిన అప్పీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. నాకు బాగా తెలిసిన ఒక పెద్దాయన సర్వీసుకు సంబంధించిన పాత ఉత్తర్వు అడిగితే ఒక కార్యాలయం నుంచి "రికార్డు అందుబాటులో లేదు" అని ఒక్క వాక్యం వచ్చింది. ఆ ఉత్తర్వు మీద ఆయన పెన్షన్ ఆధారపడి ఉంది. లేని కాగితాన్ని ఏ చట్టమూ ఇప్పించలేదు. అడిగే హక్కు ఉంటే చాలదు, అడిగిన రోజున ఆ కాగితం ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి.

అందుకే నా దృష్టిలో ఈ పోలికను తేల్చేది వేగమూ కాదు, ఖర్చూ కాదు. ఉత్తర్వు ఇచ్చినవాళ్ల చేతిలో కాకుండా వేరేవాళ్ల దగ్గర ఇంకో ప్రతి ఉందా లేదా అన్నదే. ఇక్కడే గ్రంథాలయం మిగతా రెండిటినీ దాటుతుంది.

ఈ పని చాలాకాలంగా చేస్తున్న దేశం అమెరికా. 1813లోనే అక్కడి కాంగ్రెస్ తన పత్రాల ప్రతులను రాష్ట్రాలకూ విశ్వవిద్యాలయాలకూ చరిత్ర సంఘాలకూ పంపాలని తీర్మానించింది. అదే పెరిగి ఫెడరల్ డిపాజిటరీ లైబ్రరీ పథకం అయింది. ఇప్పుడు అందులో దాదాపు 1,100 గ్రంథాలయాలున్నాయి. ప్రభుత్వ ప్రచురణలు వాటికి ఉచితంగా వస్తాయి. బదులుగా ఎవరొచ్చి అడిగినా డబ్బు తీసుకోకుండా చూపించాలి, ఇది చట్టంలో ఉన్న షరతు. అన్ని లైబ్రరీలూ అన్నీ తీసుకోవు. తమ ప్రాంతానికి పనికొచ్చేవి ఏరుకుని కనీసం ఐదేళ్లు ఉంచుతాయి. ప్రాంతీయ గ్రంథాలయాలు మాత్రం వచ్చినవాటిని శాశ్వతంగా దాచాలి. చిన్న లైబ్రరీ ఏదైనా తీసేయాలంటే ప్రాంతీయ లైబ్రరీ అనుమతి కావాలి. పుస్తకాల అమరిక కూడా మన జీవోల వరసలాంటిదే, ఏ శాఖ ఇచ్చిందో దాన్ని బట్టి.

ఈ ఏర్పాటు విలువ 2025లో మరోసారి తెలిసింది. కొత్త ప్రభుత్వం వచ్చిన కొద్దిరోజులకే జనవరి నెలాఖరున ఆరోగ్య సంస్థల వెబ్‌సైట్ల నుంచి ఎన్నో పేజీలు మాయమయ్యాయి. డాక్టర్లు కోర్టుకెళితే ఫిబ్రవరిలో తిరిగి పెట్టమని ఉత్తర్వు వచ్చింది. కోర్టు పని కోర్టు చేసింది. కానీ గ్రంథాలయాలు అప్పటికే జాగ్రత్తపడి ఉన్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటివి కలిసి 2008 నుంచీ ప్రతి అధ్యక్ష పదవీకాలం ముగిసేటప్పుడు ప్రభుత్వ వెబ్‌సైట్లను కాపీ చేసి దాస్తున్నాయి. మూతపడిన ప్రభుత్వ సంస్థల సైట్లను కూడా నార్త్ టెక్సస్ వాళ్లు 1990ల నుంచీ భద్రపరుస్తున్నారు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు ఒక మాట: మీ యూనివర్సిటీ లైబ్రరీలో ప్రభుత్వ పత్రాల విభాగం ఉండొచ్చు. ఒకసారి వెళ్లి ఎలా నడుపుతున్నారో చూడండి, ఇక్కడివాళ్లకు చెప్పండి.

అమెరికా పద్ధతిలోనూ లొసుగులున్నాయి. కాగితం తగ్గి అంతా డిజిటల్ అవుతుంటే చాలా లైబ్రరీలు "లింకు ఉందిగా, ఇంక కాపీ ఎందుకు" అనుకుంటున్నాయి. లింకు మాత్రమే ఉంచుకున్న లైబ్రరీ దగ్గర నిజానికి ఏమీ లేనట్టే, అవతల సైటు మూసేస్తే ఆ లింకూ పోతుంది. కొన్ని లైబ్రరీలు మాత్రం డిజిటల్ ఫైళ్లను కూడా తమ సర్వర్లలో విడివిడిగా ఉంచుకుని, ఒకదానితో ఒకటి సరిచూసుకుంటున్నాయి. మనం నేర్చుకోవాల్సింది ఈ రెండో రకం దగ్గర.

మన దగ్గర దీనికి పునాది లేదని అనుకోవద్దు. 1914లో విజయవాడలో గ్రంథాలయ మహాసభ జరిపిన జాతి మనది. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ వెళుతున్నారు. పత్రిక అచ్చేసినవాళ్లు కాకుండా ఊరివాళ్లు దాచబట్టే అవి మిగిలాయి. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం. అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతులను కొన్ని గ్రంథాలయాలకు ఇవ్వాలన్న 1954 కేంద్ర చట్టం ప్రభుత్వ ప్రచురణలకు కూడా వర్తిస్తుంది, కానీ దాని కింద ప్రతులు వెళ్లేది కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీలకు. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చదివి చూడండి. ప్రజలకు సమాచారం అందించే సౌకర్యాల వివరాలు చెప్పమన్న చోట గ్రంథాలయం, రీడింగ్ రూమ్ పనివేళలు కూడా ప్రకటించాలని ఉంది. చట్టం రాసినవాళ్లకు గ్రంథాలయం గుర్తుంది, మనమే మర్చిపోయాం.

అభ్యంతరాలూ ఉన్నాయి, వాటిని కొట్టిపారేయను. స్థానిక సంస్థలు వసూలు చేసిన గ్రంథాలయ పన్ను గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరదు. లైబ్రేరియన్ పోస్టులు ఖాళీ. ఉన్న కుర్చీలన్నీ పోటీ పరీక్షల పిల్లలతో నిండి ఉంటాయి. ఇప్పుడు జీవోల బరువు కూడా ఎత్తితే ఎలా అని ఒక లైబ్రేరియన్ మిత్రుడు అడిగాడు. అయితే ఇందులో కొత్త గది గానీ బీరువాలు గానీ అక్కర్లేదు. జీవో వెలువడిన రోజే డిజిటల్ సంతకంతో ఉన్న ఫైలు జిల్లా కేంద్ర గ్రంథాలయాలన్నిటికీ, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికీ వెళ్లాలి. వాళ్లు దాన్ని తమ దగ్గరే దాచుకోవాలి, వెనక్కి తీసుకునే అధికారం శాఖకు ఉండకూడదు. రద్దయిన జీవో మీద "రద్దు" అని రాయాలి గానీ తీసేయకూడదు. 2014 జూన్ 2కు ముందువి రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి కాబట్టి రెండు చోట్లా ఉండాలి. పోటీ పరీక్షల పిల్లలకు కూడా ఇది మేలే, గైడులో రాసింది నిజమో కాదో మూలంతో సరిచూసుకోవచ్చు. ఇంకా ముఖ్యం, ఇంగ్లిషు జీవో చేతికిస్తే అర్థంకాని మనిషికి పక్కన కూర్చుని "ఇది మీకు వర్తించేది మూడో పేరా" అని చూపించే మనిషి గ్రంథాలయంలోనే ఉంటాడు.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. ఉపాధ్యాయ సంఘాల వాట్సాప్ గ్రూపులు, టీచర్లు నడిపే సైట్లు చాలా సేవ చేస్తున్నాయి, సమాచారం తెలుసుకోవడానికి వాడండి, ఆధారంగా మాత్రం కాదు, నకిలీ జీవోలు తిరిగేది కూడా అక్కడే. మీసేవలో సర్టిఫికెట్లు దొరుకుతాయి, ఈ పని దాని పరిధిలోది కాదు.

ఇప్పటికిప్పుడు ఒక జీవో కావాలంటే నా సలహా ఇది. 2008 తర్వాతిదైతే ముందు వెబ్‌సైటు చూడండి, దొరికిన రోజే డౌన్‌లోడ్ చేసి మీ దగ్గర ఉంచుకోండి. కోర్టుకో పెన్షన్‌కో అయితే ఆర్‌టీఐ వేసి ధ్రువీకరించిన నకలు తీసుకోండి. 2008కి ముందుదైతే రెండూ ఒకేసారి మొదలుపెట్టండి: శాఖకు దరఖాస్తు, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత గెజిట్ల కోసం వాకబు. పనిలో పనిగా మీ జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒక వినతిపత్రం ఇవ్వండి, జీవోల ప్రతులు తెప్పించి దాచమని. నేను మా జిల్లాలో ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. పది జిల్లాల నుంచి ఇలాంటివి వెళితే పౌర గ్రంథాలయ శాఖ దాన్ని ఫైలుగా తెరవక తప్పదు. ఆ ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో అడగడానికి ఆర్‌టీఐ ఎలాగూ ఉంది.