పెల్లెట్ సైజర్ కొనేముందు ఇది ఒకసారి చూడండి (5కి 2 ఇస్తున్నా)

ఉగాదికి ముందు ఆన్‌లైన్‌లో ఒక పెల్లెట్ సైజర్ తెప్పించినా (పెల్లెట్ అంటే ఎయిర్ రైఫిల్‌లో వేసి కొట్టే చిన్న సీసం గుండు), 1,450 రూపాయలు పడింది. కొరియర్ అబ్బాయి బైరాగిపట్టెడ సందుల్లోకి రాను, లీలామహల్ సర్కిల్ కాడికి రా అన్నాడు, ఆ ఎండలో పోయి తెచ్చుకున్నా, ఆ కోపం ఈ రివ్యూలో కలపను లెండి.

సైజర్ అంటే ఏందో తెలీనోళ్ళకి చెప్తా. ఇత్తడి దిమ్మ, దానికి సరిగ్గా కొలిచి వేసిన ఒక రంధ్రం, పైనుంచి నెట్టడానికి ఒక కడ్డీ, అంతే. మురుకుల గొట్టంలో పిండి నెట్టినట్టు పెల్లెట్‌ని ఇటునుంచి నెడితే అటు పడతాది. సీసం మెత్తన కాబట్టి రంధ్రం ఎంతుంటే అంతకి నలుగుతాది. అన్నీ ఒకే సైజు అయితే అన్నీ ఒకే చోట తగలాల కదా అని వాళ్ళ లెక్క, వినడానికి బాగానే ఉండాది, నేనూ అందుకే పడిపోయినా.

నేను ఆడేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 0.177 అంగుళాల సైజు, అంటే 4.5 మిల్లీమీటర్లది. మా రేంజ్ పెద్దదేం కాదు, మేడమీద రేకుల షెడ్డు, నాలుగు లేన్లు, ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం లోపల కూర్చుంటే బొబ్బట్టు పెనం మీద కూర్చున్నట్టే. ఈ ఆటలో 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉంటాది, దాని చుట్టూ 9 రింగ్ 5.5 మిల్లీమీటర్లు, అందుకని పెల్లెట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి పోయినా మ్యాచ్‌లో కనపడిపోతాది, మాలాంటోళ్ళకి సైజర్ల మీద, తూకాల మీద పిచ్చి పట్టేది అందుకే.

టెస్ట్ ఎట్ల చేసినానంటే, బల్ల మీద ఇసక సంచి పెట్టి దాని మీద రైఫిల్ ఆనించి, ఒక్కో రకానికి అయిదేసి షాట్లతో ఆరు గ్రూపులు కొట్టినా, ఒక్కో గ్రూపులో అన్నిటికన్నా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్యనుంచి మధ్యకి వెర్నియర్ పెట్టి కొలిచినా, ఆ కొలత ఎంత చిన్నదైతే గురి అంత మేలు. ముందు మామూలు చవక పెల్లెట్లు, 500 డబ్బా 300 లోపు దొరికే రకం. డబ్బాలోనుంచి తీసింది తీసినట్టు కొడితే సగటున 13 మిల్లీమీటర్లు వచ్చింది. అదే డబ్బాని సైజర్‌లో వేసి కొడితే 11. ఆహా పనిచేసిందిరా అనుకున్నా.

అనుకున్నా గానీ తర్వాత ఇంకో పని చేసినా. సైజర్ పక్కన పెట్టి, తెల్ల గుడ్డ మీద పెల్లెట్లన్నీ పోసి, వెనక పావడలాగా పల్చగా ఉండే అంచు నొక్కుకుపోయినవి, నెత్తిన గీత ఉన్నవి కంటితోనే ఏరేసినా, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. మా అమ్మ చూసి "ఇంటి బియ్యం ఏరమంటే ఏరవు గానీ" అనింది. 500లో నలభై దాకా పోయినాయి. మిగిలినవాటితో కొడితే 10! అంటే పైసా ఖర్చు లేకుండా సైజర్ కన్నా మేలు. ఆరు గ్రూపుల్లో ఒక మిల్లీమీటరు తేడాని పెద్దగా నమ్మలేం లెండి, ఇంకో రోజు కొడితే అటూ ఇటూ కావచ్చు, కానీ సైజర్ గెలవలేదనేది మాత్రం ఖాయం.

ఆ తర్వాత గాంధీ రోడ్డులో నగల షాపులో పనిచేసే నా క్లాస్‌మేట్‌ని బతిమాలి, షాపు మూసే టైముకి పోయి వాళ్ళ మిల్లీగ్రాముల త్రాసు మీద వంద పెల్లెట్లు తూచినా. డబ్బా మీద 0.53 గ్రాములు అని ఉంది, తూస్తే 0.51 నుంచి 0.55 దాకా వచ్చినాయి. వాడు నవ్వి, మా తాత కాలంలో అయితే గురిగింజలతో తూచేవాళ్ళురా, ఇది నాలుగు గురిగింజల ఎత్తు చిల్లర, గురి చూసేదానికి గురిగింజల లెక్కేనా అన్నాడు. బరువు ప్రకారం విడదీసి కొడితే 9 వచ్చింది. విడదీసినవాటినే మళ్ళీ సైజర్‌లో వేసి కొడితే అదే 9 చిల్లర, ఏం మారలా.

అసలు దెబ్బ మ్యాచ్ పెల్లెట్లకి తగిలింది. చవక రకానికి మూడింతల పైన రేటు పెట్టి కొన్నవి, డబ్బా మీదే తల సైజు 4.50 అని వేసి ఉంటాది (4.48 నుంచి 4.52 దాకా దొరుకుతాయి, ఏ బ్యారెల్‌కి ఏది కుదురుతాదో కొట్టి చూసుకోవాల్సిందే). మామూలుగా 5.5 మిల్లీమీటర్ల గ్రూపు, సైజర్‌లో వేస్తే 7 అయింది! డబ్బులిచ్చి చెడగొట్టుకున్నట్టు. ఎందుకట్ల అంటే పెల్లెట్ నడుం సన్నగా, డమరుకంలాగా ఉంటాది కదా, తల బ్యారెల్‌లోని గాడుల్ని పట్టుకుంటాది, వెనక పల్చటి పావడ గాలి వత్తిడికి ఉబ్బి గాలి లీక్ కాకుండా మూస్తాది. సైజర్ తలతో పాటు ఆ పావడని కూడా నొక్కేస్తాది, ఇంక అది బ్యారెల్‌లో వదులుగా కూర్చుంటాది, ఒక షాట్‌కి ఒక స్పీడు వస్తాది. దానికి తోడు నాకొచ్చిన పీసులో కడ్డీ కొన కొంచెం వంకర, ప్రతి పెల్లెట్ వెనక గీరు పడతాంది, సీసం పొడి వేళ్ళకి అంటుకుంటాంది. (ఇది వాడినా వాడకపోయినా సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి, పిల్లలు తిరిగే చోట పెట్టుకోకండి, ఆ చేత్తోనే టిఫిన్ తినకండి.)

ఈ విషయం మా రేంజ్‌లో నేర్పించే అన్నకి చెప్తే, ఆయన ఒకప్పుడు 50 మీటర్లు 0.22 (గాలితో కాదు, మందుతో పేలే తూటాల రైఫిల్) ఆడినాయన, నవ్వినాడు. 0.22 తూటాలకి కూడా ముక్కు అరగదీసేది, ముందర గుంట పెట్టేది, బుల్లెట్‌ని నొక్కి సైజు మార్చేది, ఇట్లాంటి పిచ్చి కొందరికి ఉంటాదంట. "అబ్బీ, ఆ తూటాకి పేలే మందు వెనక అంచులోనే ఉంటాదిరా, దాన్ని నొక్కితే నీ వేళ్ళ మధ్యనే పేలుతాది, ఫ్యాక్టరీ తూటాని ముట్టుకోవద్దు" అన్నాడు. వాళ్ళు చేసేదల్లా లైసెన్సు, క్లబ్బు అన్నీ సరిగ్గా ఉన్నాక వేరే వేరే లాట్లు (ఫ్యాక్టరీలో ఒక్కో విడతలో తయారైన తూటాలు) తెచ్చి తమ బ్యారెల్‌కి ఏ లాట్ నప్పుతాదో కొట్టి చూసేది, మహా అయితే అంచు మందం కొలిచి విడదీసేది. మ్యాచ్ తూటాలు కావాలనే శబ్దం కన్నా తక్కువ వేగంతో చేస్తారంట, సెకనుకి 340 మీటర్లు దాటి పోయిన బుల్లెట్ దారిలో మళ్ళీ ఆ వేగం కిందికి దిగేటప్పుడు ఊగుతాదంట. నేను మాత్రం స్పీడు ఎక్కువైతే గురి బాగుంటాదనుకునేవాణ్ణి ఇన్నాళ్ళు.

ఇంక గుంట ముక్కు పెల్లెట్ల సంగతి. చంద్రగిరి పక్క మా మామ శెనిక్కాయల చేనుకి పందులు వస్తాండాయి, తగిలితే విచ్చుకునే పెల్లెట్లు తే అల్లుడా అన్నాడు. వద్దు మామా అన్నా. 1972 వన్యప్రాణి చట్టం ఒకటి ఉంది, అది పక్కన పెట్టినా అర గ్రాము సీసంతో పంది చావదు, గాయంతో నాలుగు రోజులు నరకం పడతాది. అయినా కుతూహలం ఆగక రేంజ్‌లోనే బట్టల సబ్బు బిళ్ళ పెట్టి కొట్టి చూసినా. నా రైఫిల్ స్పీడుకి 4.5 ఉన్నది 4.9 అయింది, పూవులాగా విచ్చుకుంటాదని ప్యాకెట్ మీద బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా ఉండాది. గ్రూపు చూస్తే 16. కాగితం మీద కొట్టేవాళ్ళకి చదును ముక్కుదే మేలు, గుండ్రంగా నీట్‌గా కోసినట్టు రంధ్రం పడతాది.

ఒక మాట ఒప్పుకోవాల. సంచి తీసేసి నిలబడి కొడితే నా గ్రూపు 25 పైనే. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు, నేను చేసిందీ అదే, మోచెయ్యి ఊగుతాంటే పెల్లెట్‌ని తిట్టుకుంటా ఉన్నా.

అందుకని ఆ 1,450తో మంచి డబ్బా కొనుక్కోండి, లేదంటే వేరే వేరే తల సైజుల శాంపిల్స్ తెప్పించుకోండి. రెండు స్టార్లు ఎందుకిచ్చినానంటే ఒకటి ఇత్తడి పని నిజంగా నున్నగా ఉంది, రెండోది చెప్పిన రోజుకి వచ్చింది. రిటర్న్ పెడితే వాడిన సరుకు వెనక్కి తీసుకోం అన్నారు. ఎవరికన్నా ఇంకా కావాలంటే 600కి ఇచ్చేస్తా, తిరుపతిలో ఉంటే లీలామహల్ కాడికి నేనే తెచ్చిస్తా, ఆ వంకర కడ్డీతో సహా.