ఫిగర్ స్కేట్లు సానకు ఇస్తున్నారా? ముందు ఇది చదవండి

డాలస్ చుట్టుపక్కల పిల్లల్ని ఐస్ స్కేటింగుకు తీసుకెళ్తున్న మనవాళ్ళందరికీ. ఏ షాపో పేరు చెప్పక్కర్లేదు, హాకీ సామాన్లకు అందరం వెళ్ళేదే. మా అమ్మాయి ఫిగర్ స్కేట్లు సానకిస్తే, టో పిక్కులో (బ్లేడు ముందు కొసన ఉండే పళ్ళ వరస) అన్నిటికంటే కిందనుండే పన్ను, అదే డ్రాగ్ పిక్కు, అరగదీసి చేతికిచ్చారు. కొత్త బ్లేడండీ! ఇదేంటని అడిగితే కౌంటర్లో అతనన్న మాట: "ఆ పన్ను తగిలే పిల్లలు బోర్లా పడతారు. తీసేశాం, ఇక పడదు." మేలు చేసినట్టు చెప్పాడు. క్షమాపణ లేదు, డబ్బు వాపసు లేదు.

పిల్లలు బోర్లా పడేది పన్ను వల్ల కాదు. మోకాళ్ళు బిగబట్టి, బరువు మునివేళ్ళ మీదికి తెచ్చి, బ్లేడు కొసతో ఐసును వెనక్కి తన్నితే పడతారు. హాకీ నుంచి వచ్చిన పిల్లల్లో ఇది ఎక్కువ. హాకీ బ్లేడు ముందు కొస గుండ్రంగా ఉంటుంది, ముందుకు వాలినా ఐసులో గుచ్చుకోదు. మోకాళ్ళు వంచి, బరువు పాదం మధ్యకు తెచ్చి, బ్లేడు అడుగునుండే రెండంచుల్లో లోపలి అంచుతో పక్కకు తోయడం నేర్పితే పడటం తగ్గుతుంది. అది కోచ్ చేయాల్సిన పని, గ్రైండరుతో చేసేది కాదు.

స్పిన్‌లో ఆ పన్నుకు సరిగ్గా వెనకున్న వంపు మీద తిరుగుతారు, పన్ను ఐసును కాస్త రాసుకుంటూ ఉంటుంది. టో లూప్, ఫ్లిప్, లట్జ్ అనే జంపులు మూడూ టో పిక్కు గుచ్చి ఎగిరేవే. దిగేటప్పుడూ ముందు తగిలేది ఆ పళ్ళే, తర్వాతే బయటి అంచు మీదికి జారతారు. పన్ను అరిగితే పాదం ఇంకా ముందుకు వాలితే గానీ ఐసు అందదు. నేర్చుకున్న బ్యాలెన్స్ అంతా తారుమారు. పోయిన లోహం తిరిగి రాదు, బ్లేడు మార్చాల్సిందే. ఏళ్ళ తరబడి సానపట్టి బ్లేడు ఎత్తు తగ్గాక, ఆ మేరకు పన్నును కొద్దిగా తగ్గించే నిపుణులున్నారు, నిజమే. కొత్త బ్లేడుకు ఆ అవసరమే రాదు.

హాకీ బ్లేడు మందం సుమారు 3 మి.మీ., రెండు కొసలూ గుండ్రం. సానరాయి ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా పోవచ్చు. ఫిగర్ బ్లేడు సుమారు 4 మి.మీ., రాయి పన్నుకు కాస్త ముందే ఆగాలి. వెనక తోకను గుండ్రం చేయకూడదు. చెయ్యి అలవాటు కొద్దీ హాకీ పద్ధతిలో లాగేస్తే జరిగేది ఇదే.

పైగా మాదాంట్లో రెండంచులూ సమానంగా లేవు. స్కేటు తిరగేసి అంచుల మీద అడ్డంగా ఒక నాణెం పెట్టండి. బ్లేడుకు లంబంగా కాక ఓ పక్కకు ఒరిగిందంటే ఒక అంచు ఎత్తుగా ఉన్నట్టు. అలాంటి బ్లేడుతో పిల్ల ఒక అంచు మీద నిలవలేక జారిపోతుంది.

కాబట్టి ఫిగర్ బ్లేడులు ఎవరు సానపడతారో కోచ్‌ని అడిగి వాళ్ళకే ఇవ్వండి. ఇచ్చేముందు టో పిక్కును పక్కనుంచి ఫోటో తీసుకోండి. తీసుకునేటప్పుడు నాణెం పరీక్ష కౌంటర్ దగ్గరే చేయండి, ఇంటికొచ్చాక కాదు.