లీగ్ టూ బురదలో అడిడాస్ వరల్డ్ కప్ బూట్లు

ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లో నాలుగో అంచె అయిన లీగ్ టూలో 24 జట్లు, ఒక్కో జట్టుకు 46 లీగ్ మ్యాచ్‌లు. ఆగస్టులో గట్టినేల, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బురద, ఏప్రిల్ వచ్చేసరికి మళ్లీ ఆరిన నేల. ప్రీమియర్ లీగ్ తారలకైతే కంపెనీలే బూట్లు పంపిస్తాయి. స్పాన్సర్ లేని కింది డివిజన్ ఆటగాడు జేబులోంచి తీసి కొనుక్కోవాలి. అందుకే అడిడాస్ ‘వరల్డ్ కప్’ అనే ఈ మోడల్ జత ఏ నెలల్లో పనికొస్తుందో ముందే తెలుసుకోవడం మంచిది.

పైభాగం దాదాపు అడిడాస్‌దే ఇంకో మోడల్ అయిన కోపా ముండియాల్‌దే: మెత్తటి తోలు, మడిచి కట్టుకునే పొడవాటి నాలుక. తేడా అంతా అడుగున ఉంది. కోపాకు అచ్చుపోసిన 12 స్టడ్లు (నేలను పట్టుకునే మొనలు), దీనికి మరతో బిగించే 6. అందులో 4 ముందు, 2 మడమ కింద. బురదలో ఈ ఆరే మేలు. మధ్యలో ఎడం ఎక్కువ కాబట్టి మట్టి ఇరుక్కోదు, గాల్లోకి ఎగిరి దిగే సెంటర్ బ్యాక్‌కు (రక్షణ వరుస మధ్యలో ఆడేవాడికి) కాలు జారదు. గట్టినేల మీద మాత్రం బరువంతా ఆ ఆరు చోట్లే పడి అరికాలు మండుతుంది. ఆగస్టు, ఏప్రిల్ నెలలకు కోపానే తొడుక్కోవాలి.

సైజు విషయంలో జాగ్రత్త. తోలు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. కొత్తలో వేళ్ల దగ్గర కాస్త బిగుతుగా ఉన్నదే తీసుకోండి, చాలామంది అర సైజు తగ్గిస్తారు. బరువు ఒక్కో బూటుకు 300 గ్రాములు దాటుతుంది, నీళ్లు తాగితే ఇంకా పెరుగుతుంది. 200 గ్రాముల సింథటిక్ బూట్లకు అలవాటుపడ్డ వింగర్‌కు (అంచుల్లో వేగంగా పరిగెత్తే ఆటగాడికి) ఇది నచ్చదు, నచ్చాల్సిన పనీ లేదు.

అసలు తలనొప్పి స్టడ్లతోనే. వార్మప్‌కు ముందు బిగిస్తే సరిపోదు. పది నిమిషాలు పరిగెత్తాక కొంచెం వదులవుతాయి, అందుకే మైదానంలోకి వెళ్లేముందు పానాతో ఇంకోసారి బిగించాలి. అలాగని బలమంతా పెడితే మర అరిగిపోతుంది. అడుగులో మర పోయిందంటే బూటు పోయినట్టే. మ్యాచ్ అయ్యాక స్టడ్లు విప్పి, మట్టి తుడిచి, మరకు కొద్దిగా వ్యాసిలీన్ రాసి పెట్టండి. వారాల తరబడి విప్పకపోతే తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. కాంక్రీటు మీద నడిస్తే అల్యూమినియం అంచు కత్తిలా పదునెక్కుతుంది. అలాంటి స్టడ్లను రిఫరీ తనిఖీలో ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. కాబట్టి డ్రెస్సింగ్ రూమ్ నుంచి గడ్డి దాకా చెప్పుల్లోనే నడవాలి. పొడవు విషయానికొస్తే ముందు 13, వెనక 16 మిల్లీమీటర్ల సెట్ బురదకు సరిపోతుంది. నేల అంత మెత్తగా లేనప్పుడు అవే పెట్టుకుంటే పాదం దిగబడి ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది, దెబ్బ మోకాలి మీద పడుతుంది.

తడి బూట్లను హీటర్ పక్కన పెట్టకూడదు. తోలు ఎండి, వేళ్లు మడతపడే చోట పగుళ్లిస్తుంది, అడుగు అతుకు ఊడుతుంది. లోపల న్యూస్‌పేపర్ కుక్కి, నీడలో ఆరబెట్టి, ఆరాక లెదర్ క్రీమ్ రాస్తే చాలు.

లీగ్ టూలో కృత్రిమ గడ్డి చెల్లదు. 2020లో హారోగేట్ టౌన్, 2021లో సట్టన్ యునైటెడ్ క్లబ్బులు కింది లీగ్ నుంచి పైకి రాగానే తమ కృత్రిమ మైదానాలను తీసేసి అసలు గడ్డి వేయాల్సి వచ్చింది. ఒక్క మెట్టు కిందనున్న నేషనల్ లీగ్‌లో అది చెల్లుతుంది. జూన్ 30న కాంట్రాక్టు ముగిసి ఆ మెట్టు దిగే ఆటగాడు కొత్త క్లబ్ మైదానం ఏదో కనుక్కున్నాకే బూట్లు కొనాలి. కృత్రిమ గడ్డి అయితే లోహపు స్టడ్లను రానివ్వరు, ఈ జత బ్యాగులోనే ఉండిపోతుంది.

ఒక్క మాట తోలు గురించి. ఈ జతకు పేరు తెచ్చింది కంగారూ తోలే. నైకీ, ప్యూమా 2023లోనే దాన్ని వదిలేశాయి, 2025లో అడిడాస్ కూడా ఆపేస్తున్నట్టు చెప్పింది. షాపులో పాత స్టాకూ కొత్తదీ పక్కపక్కనే ఉండొచ్చు. డబ్బాను నమ్మకుండా నాలుక మీది లేబుల్ చదవండి. తోలు వేరైతే పైన చెప్పిన సైజు లెక్క పనిచేయకపోవచ్చు, తొడిగి చూశాకే డబ్బులివ్వండి.