విత్తనాల ప్యాకెట్ మీద ప్యాకింగ్ తేదీని నమ్మి కొనకండి

మృగశిర కార్తె దగ్గరపడుతోంది. హైదరాబాద్‌లో మిద్దె తోటలు పెంచుకునేవాళ్లందరం విత్తనాల కోసం తిరిగే రోజులివి. అందుకే ఇప్పుడే చెబుతున్నాను: కూరగాయ విత్తనాలు కొనేటప్పుడు, ముఖ్యంగా పది రకాలు కలిపి అమ్మే కాంబో ప్యాక్ కొనేటప్పుడు, వెనక్కి తిప్పి మొలక పరీక్ష చేసిన తేదీ చూడకుండా డబ్బులివ్వకండి.

మాది వనస్థలిపురం. షాపు పేరు రాయడం లేదు. అక్కడ తీసుకున్న కాంబోలో టమాటా, సొర, దోస చక్కగా మొలిచాయి. బెండ, మిర్చి అక్కడొకటి ఇక్కడొకటి వచ్చాయి. ఉల్లి ఒక్క గింజ కూడా రాలేదు. షాపులో అడిగితే "నీళ్లు ఎక్కువ పోసుంటారమ్మా, ఎండలు కూడా అలాగే ఉన్నాయి" అన్నారు. అదే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), అదే మట్టి, అదే నీళ్లు. లోపం నీళ్లలో ఉంటే ఉల్లి పూర్తిగా పోయి, పక్క ట్రేలో టమాటా అంత బాగా ఎందుకొస్తుంది?

అసలు అనుమానం అక్కడే మొదలైంది. ఎందుకంటే ఏవి మొలిచాయి, ఏవి మొలవలేదు అన్న వరుస చూస్తే అది విత్తనాల వయసు చెప్పేస్తోంది. అన్ని విత్తనాలకూ ఆయుష్షు ఒకటే కాదు. బాగా నిల్వ చేసినా ఉల్లి గింజలు ఏడాది దాటితే నమ్మలేం. బెండ ఒకటి రెండేళ్లు, మిర్చి రెండేళ్లు. చిక్కుడు జాతివి మూడేళ్ల వరకు ఆగుతాయి. టమాటా, వంగ నాలుగేళ్లు, సొర, దోస నాలుగైదేళ్లు కూడా ఉంటాయి. అంటే మాకు వచ్చిన ఫలితం రెండేళ్లు దాటిన పాత సరుకు ఇచ్చే ఫలితం. ఉల్లి ప్యాకెట్ మీద "ప్యాక్ చేసిన తేదీ" అని ఉన్న స్టిక్కర్ గోటితో గీకితే, కింద అచ్చు వేసిన అసలు పరీక్ష తేదీ కనిపించింది. రెండేళ్ల పైమాటే. బెండ ప్యాకెట్ కూడా అంతే.

ప్యాకింగ్ తేదీకి విత్తనం వయసుతో సంబంధం లేదు. గోనె సంచిలో మూడేళ్లు మూలిగిన గింజల్ని నిన్న కవర్లో పోసి నిన్నటి తేదీ వేయొచ్చు. మనం చూడాల్సింది మొలక పరీక్ష చేసిన తేదీ, ఎప్పటి వరకు చెల్లుతుందన్న తేదీ, లాట్ నంబరు (ఏ విడత సరుకో చెప్పేది), మొలక శాతం. చెల్లుబాటు మామూలుగా పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. ధ్రువీకరించిన విత్తనానికి నీలం రంగు ట్యాగ్ ఉంటుంది.

మొలక శాతం గురించి ఒక మాట. మన దేశంలో కనీస ప్రమాణం టమాటా, వంగ, ఉల్లికి 70 శాతం, బెండకు 65, మిర్చికి, సొరకు 60. కాబట్టి పది మిర్చి గింజల్లో ఆరు మొలిస్తే షాపు వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. నేను చెప్పేది అసలు మొలవని వాటి గురించి.

ఇంకొకటి, పైన చెప్పిన ఏళ్లన్నీ చల్లగా, పొడిగా ఉంచిన విత్తనాలకే. మన ఊళ్లో మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డు కిందో, షాపు బయట ఎండలో వేలాడే దండలోనో ఉన్న ప్యాకెట్ సంగతి ఊహించుకోండి. ఆ వెంటనే వానాకాలం తేమ. విత్తన నిల్వలో అందరూ పాటించే ఒక లెక్క ఉంది: గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా, నిల్వ వేడి 5 డిగ్రీలు తగ్గినా ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. దాన్నే తిరగేస్తే, వేడీ తేమా పెరిగిన కొద్దీ సగం సగం పడిపోతుంది. అందుకే తేదీ సరిగ్గా ఉన్నా ఎండలో వేలాడే కాగితం కవర్లు వద్దు. షాపు లోపల అమర్చిన రేకు (ఫాయిల్) పౌచ్ తీసుకోండి. మన పెద్దవాళ్లు బీరకాయను తీగ మీదే ఎండనిచ్చి గింజలు లోపలే ఉంచి వేలాడదీసేవాళ్లు, చిక్కుడు గింజల్లో బూడిద కలిపేవాళ్లు. తేమ తగలనివ్వకూడదనే కదా!

బిల్లు తప్పకుండా అడగండి. ప్యాకెట్ చించే ముందు రెండు వైపులా ఫోటో తీయండి. విత్తే ముందు ఇరవై గింజలు తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి చూడండి. టమాటా, బెండ సంగతి వారం పది రోజుల్లో తేలిపోతుంది. మిర్చికి రెండు వారాలు ఇవ్వాలి. అప్పటికీ మొలవకపోతే ఆ ఫోటోలు, బిల్లు పట్టుకుని షాపులో అడగండి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మాకు షాపులో డబ్బు ఇవ్వలేదు, మార్చి ఇస్తామన్నారు. ఇచ్చినవాటి మీదా అదే స్టిక్కర్ ఉంది, అక్కడే వదిలేసి వచ్చాం. వంద రూపాయల నష్టం పెద్దది కాదు. నారు పోసుకునే అదను పోవడం, కొత్తగా తోట మొదలుపెట్టినవాళ్లు "నా చేయి మంచిది కాదేమో" అనుకుని ట్రేలు అటక ఎక్కించేయడం, నాకు బాధ కలిగించేది అది.

మీ దగ్గర ఇప్పటికే పాత ప్యాకెట్లు ఉంటే అన్నీ పారేయకండి. టమాటా, వంగ, దోస, సొర కాస్త ఒత్తుగా చల్లి చూడండి. ఉల్లి మాత్రం ఏటా కొత్తవే కొనాలి. గులాబీ రంగు పూసిన గింజలకు మందు పట్టించి ఉంటారు, అవి మొలవడం లేదని పిట్టలకు వేయకండి, పిల్లల చేతికి అందనివ్వకండి.